పాటలతో ఖైదీలు విడుదలవుతారా?

మండేలా విడుదల కోరుతూ 1984లో బ్రిటన్‌లో పాట వచ్చిందని, 1990లో ఆయన బయటికొచ్చారని, మన దగ్గర అలాంటి పాటల వల్ల ఎవరైనా విడుదలయ్యారా అని అడిగారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్ సాయిబాబా విడుదల కోసం హైదరాబాద్‌లో జరిగిన సభల్లో కొన్నేళ్లు కోరస్ పాడాను. నేను చూసింది చెప్తాను.

విడిచిపెట్టింది కోర్టే, పాట కాదు. కానీ ఆయన లోపలున్న ఒక్కో ఏడాదినీ మాకు లెక్కగట్టి చెప్పింది పాటే.

మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో 2017 మార్చి 7న మహారాష్ట్రలోని గడ్చిరోలి కోర్టు ఆయనకు యావజ్జీవం వేసింది. 90 శాతం వైకల్యం, చక్రాల కుర్చీ, నాగపూర్ జైల్లో అండా సెల్, అంటే గుడ్డు ఆకారంలో ఉండే ఒంటరి గది. సభల్లో వకీళ్లు ఉగ్రవాద వ్యతిరేక చట్టం ఉపా (UAPA) సెక్షన్లు వివరిస్తుంటే జనం మౌనంగా వినేవాళ్లు. డప్పు కాచి దెబ్బ వేయగానే వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చేవాళ్లు. మా పల్లవి సాయిబాబా వాళ్లమ్మ గొంతుతో ఉండేది: "మూడేళ్లాయె కొడుకా, ముంగిట్లకు రాకపోతివి."

2020 ఆగస్టులో ఆ తల్లి క్యాన్సర్‌తో హైదరాబాద్‌లోనే కన్నుమూసింది. చివరిచూపుకి పెరోల్ అడిగితే ఇవ్వలేదు. తర్వాతి సభలో "కొడుకా" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. "అన్నా" అని మార్చుకున్నాం. మరుసటేడు "నాలుగేళ్లాయె" అనాల్సొచ్చేసరికి ఒక అక్షరం ఎక్కువై నడక తప్పింది. డప్పు తమ్ముడు అక్కడొక దెబ్బ విరిచి సర్దాడు. కోరస్‌లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది, అక్కడ ఎంత కష్టంగా ఉండేదో.

2022 అక్టోబర్ 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ నిర్దోషి అంది. ఆ రాత్రే స్వాగతం చరణం రాసుకున్నాం. తెల్లారి శనివారం, సెలవు రోజు. సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. రాసిన కాగితం మడిచి డప్పు సంచిలో పెట్టాం.

2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ నిర్దోషి అంది. 7న బయటికొచ్చారు. శిక్ష పడి సరిగ్గా ఏడేళ్లు, ఒక్క రోజు తేడా లేదు. సంచిలో కాగితం తీసి పాడుతుంటే ఏడ్వనివాళ్లు లేరు.

ఆయన బయట ఉన్నది ఏడు నెలలే. అక్టోబర్ 12న నిమ్స్‌లో పోయారు. దేహాన్ని గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. సంతాప సభలో మమ్మల్ని పాడమన్నారు. పల్లవిలో ఏళ్ల లెక్క ఉన్న చోట ఏం అనాలో తేల్చుకోలేక చరణాలు మాత్రమే పాడి దిగిపోయాం.