పాత బీటిల్లో గేర్లు సరిగ్గా పడటం లేదా? గేరు బాక్సు దించే ముందు వెనక సీటు ఎత్తి చూడండి

రాయగడ నుంచి మీరు రాసింది చదివాను. 1967 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు, గేరు రాడ్డు చేతిలో వదులుగా ఆడుతోంది, రెండు నుంచి మూడుకి వెళ్దామంటే ఒకటిలోకి దూరుతోంది, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బండి వెనక్కి తిప్పుకోవాలంటే రివర్స్ దొరకడం లేదు, మెకానిక్ చూసి గేరు బాక్సు దించాలన్నాడు. ఇదీ మీ ప్రశ్న. దయచేసి ఇంకా ఒప్పుకోకండి. సరిగ్గా ఇదే మాట విని నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

మాది బరంపురం. నాన్నగారు 1984లో విశాఖపట్నంలో కొన్న 1966 మోడల్ 1300 బీటిల్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 1285 సీసీ, 40 హార్స్‌పవర్. ఆయన చేతిలో గేర్లు వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా పడేవి. ఆయనకు మోకాళ్లు అరిగి నడపడం మానేశాక బండి మూడేళ్లు షెడ్డులో ఉండిపోయింది. 2012లో నేను బయటికి తీసేసరికి గేరు రాడ్డు రుబ్బురోట్లో పొత్రంలా చుట్టూ తిరుగుతోంది. ఒక షెడ్డుకి ఇచ్చాను. ఇంజిన్ దించారు, గేరు బాక్సు దించారు, విప్పారు, లోపల అన్నీ బాగున్నాయన్నారు, మళ్లీ బిగించారు. బిల్లు కట్టి బయటికొచ్చాక మొదటి సెంటర్లోనే మూడు బదులు ఒకటి పడింది. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత పాత బస్టాండు వైపు ఉండే ఒక పెద్ద మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ జోలికే పోలేదు. వెనక సీటు కుషన్ తీయించి, కార్పెట్ మడిచి, మధ్యలో ఉన్న చిన్న రేకు మూత ఒక్క స్క్రూతో విప్పారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, "బాబూ, గేరు కొంచెం అటూ ఇటూ ఆడించు" అన్నారు. ఆడించాను. "ఇప్పుడు నువ్వు వచ్చి చూడు" అని తను ముందుకెళ్లి ఆడించారు. ముందు నుంచి వచ్చే రాడ్డు కదులుతోంది, దాని వెనక ఉన్న గేరు బాక్సు ముక్కు మాత్రం కదలడం లేదు. రాడ్డు బొటనవేలి వెడల్పు తిరిగాక గానీ అటు వైపు చలనం రాలేదు. ఆ రెంటినీ కలిపే కప్లర్లో రబ్బరు ముక్కను వేలితో నొక్కితే మాడిన అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది.

మీరూ ముందు ఇదే చూడాలి. ఎందుకో చెప్తాను. బీటిల్లో ఇంజిన్ వెనక, దానికి ముందు గేరు బాక్సు, గేరు రాడ్డేమో ముందు సీట్ల మధ్య. మీ చేతి కదలిక బండి మధ్యలో ఉన్న టన్నెల్ లోపల ఒక పొడవాటి రాడ్డు మీదుగా ప్రయాణం చేసి, వెనక సీటు కింద కప్లర్ దాటి, అప్పుడు గేరు బాక్సు చేరుతుంది. ఈ దారిలో అరిగేవి ముఖ్యంగా రెండు: గేరు రాడ్డు అడుగున టన్నెల్లో ఉండే ప్లాస్టిక్ బుష్ (పొడవాటి రాడ్డు ముందు కొసను పట్టి ఉంచే తొడుగు), వెనక కప్లర్లోని రబ్బరు ముక్కలు. ఒక్కోదాంట్లో రెండు మిల్లీమీటర్ల ఆట వచ్చినా మీ చేతి దగ్గరికి వచ్చేసరికి అది కొన్ని రెట్లవుతుంది. యాభై ఏళ్లు దాటిన రబ్బరు, ప్లాస్టిక్ మన ఎండలకు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు.

సీటు తీసేటప్పుడు ఒక్క జాగ్రత్త. బ్యాటరీ ఆ సీటు కిందే, కుడి వైపు ఉంటుంది. సీటు స్ప్రింగులు బ్యాటరీ టెర్మినల్‌కు తగిలి బళ్లు కాలిపోయిన సంఘటనలున్నాయి. ముందు నెగటివ్ వైరు విప్పండి. పని అయ్యాక బ్యాటరీ మీద మూత లేకపోతే మందపాటి రబ్బరు షీటైనా కప్పకుండా సీటు పెట్టొద్దు. ఇది మాత్రం మరిచిపోకండి.

సీటు ఎత్తే ముందు ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి నాలుగు గేర్లూ, రివర్సూ వేసి చూడండి. ఆపినప్పుడు శుభ్రంగా పడి, స్టార్ట్ చేశాక మాత్రం గరగరమంటే అది లింకేజీ, అంటే గేరు రాడ్డు నుంచి బాక్సు దాకా ఉన్న ఈ రాడ్డు, కప్లర్ల లోపం కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద పని మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం, 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. క్లచ్ కేబుల్ గేరు బాక్సు దగ్గరికి వచ్చే చోట ఒక తొడుగు గొట్టం ఉంటుంది, బౌడెన్ ట్యూబ్ అంటారు. అది తిన్నగా కాకుండా 25 నుంచి 45 మిల్లీమీటర్లు కిందికి వంగి ఉండాలి. వంపు తగ్గితే క్లచ్ అదురుతుంది, గేరు పడేటప్పుడు మొరాయిస్తుంది. వాషర్లు వేసి వంపు సరిచేయొచ్చు. మీరు రాసిన లక్షణాలు చూస్తే మీది ఇది కాదనే అనిపిస్తోంది, కానీ చూడటానికి డబ్బేమీ ఖర్చు కాదు.

ఇక అసలు పని. ముందు కప్లర్. కొత్తవి రెండు రకాలు దొరుకుతాయి, రబ్బరువి, యురేథేన్‌వి. యురేథేన్‌వి గట్టివి, గేరు ఖచ్చితంగా పడుతుంది కానీ గేరు బాక్సు చప్పుడు కొంచెం ఎక్కువగా చేతికి తెలుస్తుంది. నేను యురేథేన్ వేశాను. ఘాట్ రోడ్లలో నడిపేవాళ్లకి అదే మేలని నా నమ్మకం. కప్లర్‌కి చదరపు తల ఉన్న సెట్ స్క్రూ ఒకటి ఉంటుంది. దాని మొన అది పట్టుకునే ముక్క మీద ఉన్న చిన్న గుంటలో సరిగ్గా కూర్చోవాలి. పక్కన బిగిస్తే ఆ రోజుకి బాగానే ఉన్నట్టు ఉంటుంది, తర్వాత జారుతుంది. బిగించాక స్క్రూ తలకున్న రంధ్రంలోంచి సన్నని ఇనుప తీగ దూర్చి కప్లర్‌కి కట్టేయాలి.

ఆ తీగ సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటిసారి కప్లర్ మార్చినప్పుడు తీగ కట్టలేదు. నెల తర్వాత అమ్మానాన్నల్ని తప్తపాణి తీసుకెళ్తున్నాం. ఘాట్ మధ్యలో గేరు రాడ్డు ఒక్కసారిగా ప్రాణం పోయినట్టు వదులైపోయింది. ఎటు తిప్పినా తిరుగుతోంది, బండి మాత్రం మూడో గేరులోనే ఉండిపోయింది. క్లచ్ నొక్కి పక్కకి ఆపాను. అమ్మని దింపి రోడ్డు పక్క రాయి మీద కూర్చోబెట్టి సీటు ఎత్తితే, స్క్రూ ఊడి టన్నెల్ అంచున పడి ఉంది. ఇంకా లోపలికి పడి ఉంటే ఆ రోజు ఇంటికి లారీ మీదే. నాన్నగారు మోకాలి నొప్పితోనే వంగి టార్చి పట్టుకుని, "గుంట కనబడుతోంది, ఇంకొంచెం ముందుకి తిప్పు" అని చెప్తుంటే పట్టకారుతో బిగించాను. పక్క పొలం కంచెకి మిగిలిన జీఐ తీగ ముక్కతో కట్టాను. ఆ తీగ ఇప్పటికీ తీయలేదు.

తర్వాత ముందు బుష్. గేరు రాడ్డు మొదట్లో రెండు బోల్టులుంటాయి, 13 నంబరు పానా. విప్పే ముందు ఆ బోల్టులు పట్టి ఉంచే ప్లేటు చుట్టూ టన్నెల్ మీద సూదితో గీత గీయండి. కింద ఒక స్టాప్ ప్లేటు వస్తుంది, దానికి ఒక వైపు అంచు పైకి లేచి ఉంటుంది. అది ఎటు ఉందో ఫొటో తీసుకోండి. అదే రివర్స్‌ను మామూలు గేర్ల నుంచి వేరు చేసేది. బీటిల్లో గేరు రాడ్డు కిందికి నొక్కి, ఎడమకి తెచ్చి, వెనక్కి లాగితేనే రివర్స్ పడాలి. నేను ఆ ప్లేటు తిరగేసి పెట్టి పూట సేపు రివర్స్ కోసం వెతికాను. మీ బండికి కూడా ఎవరైనా ఇదివరకు విప్పి తిరగేసి పెట్టారేమో చూడండి, రివర్స్ దొరక్కపోవడానికి అదే కారణం కావచ్చు.

కప్లర్ విప్పి ఉండగా టన్నెల్లో రాడ్డును వెనక్కి జరిపితే దాని ముందు కొస బుష్‌లోంచి బయటికి వస్తుంది. పాత బుష్ ముక్కలై ఉంటుంది, ఒక్క ముక్క కూడా లోపల వదలొద్దు. కొత్తదాన్ని వేడి నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడి బ్రాకెట్‌లో కూర్చుంటుంది. దానికి ఒక రింగు వస్తుంది, అది వేయకపోతే బుష్ త్వరగా వదులవుతుంది. రాడ్డుకి బాగా గ్రీజు పట్టించి మళ్లీ బుష్‌లోకి దూర్చాలి. కష్టమంతా ఈ దూర్చడంలోనే ఉంది. ముందు నుంచి ఒకరు స్క్రూ డ్రైవర్‌తో కొస ఎత్తిపట్టాలి, వెనక నుంచి ఒకరు నెట్టాలి. నాకూ మా తమ్ముడికీ గంటన్నర పట్టింది.

బుష్ దొరక్క నేను ఒకసారి లేత్ షాపులో నైలాన్ కడ్డీ తిప్పించాను. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ రాడ్డును మరీ బిగుతుగా పట్టేసి గేరు మొండిగా పడేది. అసలు పార్టే తెప్పించుకోండి, కొరియర్‌లో వస్తుంది, ఖరీదైనదేమీ కాదు. గేరు బాక్సు దించే కూలితో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు.

బిగించేటప్పుడు బోల్టులు పూర్తిగా బిగించకుండా రెండో గేరు వేసి, గీసిన గీతల దగ్గరికి ప్లేటు తెచ్చి చూడండి. నాలుగు గేర్లూ తేలిగ్గా పడాలి, రివర్స్ నొక్కకుండా పడకూడదు. అలా కుదిరే వరకు ప్లేటును కొద్దికొద్దిగా పక్కకి జరుపుతూ ఉండాలి. ఓపిక కావాలి.

ఇదంతా అయ్యాక కూడా తేడా ఉంటే గేరు బాక్సు మౌంట్లు, అంటే బాక్సును బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు చూడండి, ముందు ఒకటి, వెనక రెండు. ఆయిల్ తడిసి రబ్బరు ఉబ్బితే బాక్సు కిందికి దిగి, మీరు సరిచేసిన లెక్కంతా తప్పుతుంది. ఆయిల్ కూడా ఒకసారి మార్చండి. నింపే ప్లగ్ ముందు విప్పి, అది ఊడి వచ్చాకే కింది ప్లగ్ విప్పండి. పైది పట్టేసి ఉంటే ఖాళీ బాక్సుతో ఇరుక్కుంటారు. దాదాపు రెండున్నర లీటర్లు పడుతుంది. గేరు ఆయిల్‌లో జీఎల్-4 రకమే అడగండి, జీఎల్-5 రకంలోని మందులు గేరు మారేటప్పుడు వేగాలు సమం చేసే ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావంటారు, నేను ఆ రిస్కు తీసుకోను.

మౌంట్లు బాగుండి కూడా ఎత్తు దిగేటప్పుడు గేరు తనంతట తాను ఊడిపోతున్నా, క్లచ్ సరిగా ఉండి ఒక్క రెండో గేరే ప్రతిసారీ గరగరమంటున్నా, అప్పుడు మీ మెకానిక్ చెప్పింది నిజం, బాక్సు దించాల్సిందే. మీరు రాసినదాంట్లో ఆ రెండూ లేవు.

ఈ ఆదివారం సీటు ఎత్తి, మూత తీసి, ఎవరిచేతైనా గేరు ఆడిస్తూ కప్లర్‌ను వీడియో తీయండి. చదరపు తల స్క్రూ, దాని తీగ కనబడేలా తీయండి. ఇక్కడ పెడితే చూసి చెప్తాను. ముందు బుష్ ఒకటి నా దగ్గర స్పేర్ ఉంది, బరంపురం వైపు వస్తే తీసుకెళ్లండి.