పీడీఎఫ్ ప్రింటర్ మాయమైందండీ! (పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మాది చిన్న జిరాక్స్ షాపండి, విండోస్ 10 కంప్యూటర్. ఇంతకుముందు ప్రింట్ కొడితే లిస్టులో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ అని, కాగితం మీద కాకుండా పీడీఎఫ్ ఫైలుగా సేవ్ చేసేది వచ్చేది, ఇప్పుడు పేపర్ ప్రింటర్ ఒక్కటే వస్తోంది. మా అబ్బాయి పనికిరానివి తీసేస్తానని ఏవేవో డిలీట్ చేశాడు, అందులో పోయినట్టుంది. మళ్లీ ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: డౌన్‌లోడ్ జోలికి పోకండి. విండోస్ 7 వాడిన కాలంలో ఇలాంటి ప్రింటర్‌ని బయట నుంచి తెచ్చుకోక తప్పేది కాదు, ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ వెంట అడగని టూల్‌బార్లు కూడా దిగిపోయేవి, ఆ అలవాటు మనకింకా పోలేదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పటి నుంచి ఈ ప్రింటర్ విండోస్‌తోనే వస్తోంది, మీ అబ్బాయి తీసేసింది పైపైనే.

స్టార్ట్‌లో టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ అని వెతకండి, లిస్టులో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఉంటుంది, టిక్ తీసేసి ఓకే కొట్టి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి, మళ్లీ టిక్ పెట్టండి. చాలామందికి ఇక్కడితో అయిపోతుంది.

అయినా రాకపోతే చేత్తో పెట్టుకోవాలి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఇది కాగితం లేని ప్రింటరే గానీ విండోస్‌కి మాత్రం మామూలు ప్రింటరే, దీనికీ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, పోర్టు (ప్రింట్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే దారి) ఉంటుంది, క్యూ (ప్రింట్ల వరస) ఉంటుంది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ నొక్కి కాసేపు ఆగితే కింద ద ప్రింటర్ దట్ ఐ వాంట్ ఈజంట్ లిస్టెడ్ అని వస్తుంది, అది నొక్కండి. అందులో లోకల్ ప్రింటర్ ఎంచుకుని, ఉన్న పోర్టుల్లో పోర్ట్‌ప్రాంప్ట్ (ప్రతిసారీ ఫైలు పేరు అడిగేది) అనేదాన్ని తీసుకోండి. కంపెనీ మైక్రోసాఫ్ట్, మోడల్ మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్. డ్రైవర్ ఇప్పటికే ఉంది, అదే వాడనా అని అడిగితే ఊ అనండి.

పోర్టు దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రతిసారీ ఫైలు పేరు అడగడం విసుగని నేనో తెలివి పని చేశా, కొత్త లోకల్ పోర్టు పెట్టి, పేరు దగ్గర ఒక ఫోల్డరు, ఫైలు పేరు రాసేశా. ప్రింట్ కొట్టగానే అడగకుండా సేవ్ అయిపోతుంటే భలే ఉందనుకున్నా. సాయంత్రం చూస్తే రోజంతా తీసిన వాటిల్లో చివరిది ఒక్కటే మిగిలింది, కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాని మీదే రాసేసింది మరి. షాపులో అలా అయితే కస్టమర్లు ఊరుకోరు.

ప్రశ్న: ప్రింట్ టు పీడీఎఫ్ కొడితే ఏమీ జరగట్లేదు. ఫైలూ రాదు, ఎర్రరూ రాదు. పది సార్లు కొట్టా.
- డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఆ పది సార్లూ క్యూలో కూర్చునే ఉంటాయమ్మా! ముందు ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ కొట్టి చూడు. ఫైలు పేరు అడిగే చిన్న కిటికీ ఒక్కోసారి బ్రౌజర్ వెనకాల దాక్కుంటుంది, మనమేమో ముందు నుంచి కొడుతూనే ఉంటాం. అది కాకపోతే అదే పేరుతో ఉన్న పాత పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి ఉందేమో చూడు, తెరిచిన ఫైలు మీద రాయనివ్వదు.

రెండూ కాకపోతే పేపర్ ప్రింటర్ జామైనప్పుడు చేసే వైద్యమే దీనికీను. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి, అందులో ప్రింట్ స్పూలర్ (ప్రింట్ల క్యూని నడిపేది) ఆపు, సి డ్రైవులో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్లోకి వెళ్లి లోపలి ఫైళ్లు మాత్రం తీసెయ్, ఫోల్డర్ని కాదు, మళ్లీ స్పూలర్ స్టార్ట్ చెయ్. పని చేస్తుంటే పనిలో పనిగా ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి పేపర్ సైజు కూడా చూసుకో, లెటర్ అని ఉంటే ఏ4 చెయ్. లెటర్ అమెరికా కాగితం, ఏ4 కంటే దాదాపు 18 మిల్లీమీటర్లు పొట్టి. అప్లికేషన్ కింద సంతకం గళ్లు తెగిపోయేది చాలాసార్లు దీనివల్లే.

ప్రశ్న: పెళ్లి కార్డులు 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్ తీసి కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపిస్తాం. చూడ్డానికి బాగుంటుంది, కానీ అందులోంచి ముహూర్తం లైను కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయంటున్నారు. పైగా మ్యాప్ లింకు నొక్కితే తెరుచుకోవట్లేదట. పీడీఎఫ్ ప్రింటర్ మార్చాలా?
- డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: ప్రింటర్ ఎన్ని మార్చినా ఇంతే సార్, తప్పు దానిది కాదు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండే గదుల్లో కూర్చోబెట్టారు. ప్రింటరు బొమ్మని ఉన్నదున్నట్టు పీడీఎఫ్‌లోకి దించుతుంది, అందుకే కళ్లకి బాగుంటుంది. కాపీ చేసినప్పుడు వచ్చేది మాత్రం ఆ గది అసలు ఓనరైన ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ముహూర్తం, వేదిక లైన్లు యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) విడిగా టైపు చేసి మెసేజ్‌గా పంపేయండి, మీకు రెండు నిమిషాల పని. యూనికోడ్ తెలుగు అయినా ప్రింటర్ దారిలో వెళ్లిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే వత్తులు అటూ ఇటూ అవుతుంటాయి, కాబట్టి పీడీఎఫ్‌ని చూడ్డానికే ఉంచండి.

లింకు సంగతికొస్తే, ప్రింటర్‌కి లింకంటే కాగితం మీద నీలం రంగు గీత మాత్రమే. వర్డ్‌లో చేసిన ఫైలైతే ప్రింట్ కొట్టకుండా సేవ్ యాజ్‌లోకి వెళ్లి పీడీఎఫ్ ఎంచుకోండి, లింకు లింకులాగే ఉంటుంది. పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన కార్డయితే మ్యాప్ కూడా ఆ ముహూర్తం మెసేజ్ కిందే పెట్టేయండి.