మూటలు మోసి గుండెకు కండ పట్టిందా?

ప్రశ్న: మా నాయనకు 56 ఏళ్లు, యార్డులో హమాలీ. మూడేళ్లుగా బీపీ ఉంది. మాత్ర ఒకరోజు వేసుకుంటే నాలుగు రోజులు మానేస్తాడు. మొన్న ఎకో తీస్తే గుండె గోడ మందం 14 మిల్లీమీటర్లు, పంపింగ్ 62 శాతం అని వచ్చింది. ‘మూటలు మోసి గుండెకు కండ పట్టింది, పంపింగూ బాగుంది, ఇంక మాత్రెందుకు?’ అంటున్నాడు. మెట్లెక్కితే మాత్రం ఆయాసపడుతున్నాడు.
– ఓ పాఠకుడు, ఆదోని

జవాబు: కండ పట్టిన మాట నిజమే. ఎడమ కింది గది గోడ మగవాళ్లలో మామూలుగా 10 మిల్లీమీటర్లు దాటదు. బరువులెత్తేవాళ్లకు కాస్త మందం పెరగొచ్చు. కానీ బీపీ ఉండి, ఆయాసమూ ఉన్న మనిషికి 14 వస్తే దాన్ని ఆ లెక్కలో వేయకండి.

పెద్దవాళ్లలో గుండె కండర కణాలు దాదాపుగా విభజన చెందవు. యార్డు భాషలో చెప్పాలంటే కొత్త కూలీలు రారు, ఉన్నవాళ్లే ఎక్కువ మోయాలి. బీపీ పెరిగితే ప్రతి కణమూ తనలోని సంకోచించే పోగుల పక్కనే కొత్త పోగులు చేర్చుకుంటుంది. మోకుకు ఇంకో పురి కలిపి పేనినట్టు లావవుతుంది. (వాల్వు లీకయ్యే గుండెలో వేరు: పోగులు కొసకు కొస కలిసి కణం పొడవవుతుంది, గది సాగుతుంది.) గోడ మందమైతే ఒక్కో పోగు మీద పడే భారం తగ్గుతుంది. మొదట్లో ఇది మేలే.

చిక్కంతా తర్వాత. కణం లావైనంతగా దాని చుట్టూ సన్న రక్తనాళాలు పెరగవు, లోపలిదాకా ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది. యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ హార్మోన్ల ప్రభావంతో కణాల సందుల్లో కొల్లాజెన్ పీచు పేరుకుంటుంది. పైగా కండరం సడలాలంటే కణంలో విడుదలైన కాల్షియాన్ని మళ్లీ దాని అరలోకి తోడెయ్యాలి. ఆ తోడుడూ మందగిస్తుంది. బిగుసుకున్న గది సరిగా విచ్చుకోక, వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. మీ నాయన ఆయాసానికి ఇదే కారణం కావచ్చు. 62 శాతమన్నది, నిండిన రక్తంలో ఎంత బయటికి నెట్టిందన్న లెక్క. ఎంత సులువుగా నిండిందో అది చెప్పదు. రిపోర్టులో ‘డయాస్టాలిక్’ (గుండె సడలి నిండే దశ) అని ఉన్న వరుస చూపించి డాక్టరును అడగండి.

ఈ మందం తగ్గుతుంది. బీపీ 130/80 లోపు నిలకడగా ఉండాలి, నెలల తరబడి ఓపిక పట్టాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకం మందులు ఇందులో బాగా పనిచేస్తాయి. పీచు మాత్రం అంత తేలిగ్గా కరగదు కాబట్టి మాత్ర రోజూ పడాల్సిందే. ఇంట్లో బీపీ చూసేటప్పుడు 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఆనించి, పొద్దున మాత్రకు ముందూ సాయంత్రమూ రెండేసిసార్లు చూడండి. వారం రోజుల అంకెలు రాసుకెళ్లండి.

హమాలీలు నడుంనొప్పికి డైక్లోఫెనాక్ మింగేస్తుంటారు. అది ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీ పెంచుతుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీకీ చేటు. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. ఊరిబిండి, ఊరగాయ, బజ్జీలన్నీ ఆ చెంచాలోకే వస్తాయి.

ఊపిరి బిగబట్టి మూట ఎత్తితే ఆ క్షణాన బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. అదుపులోకి వచ్చేదాకా మోత పని మాన్పించి, కాటా దగ్గరో గోనెలు కుట్టే దగ్గరో పని చూడమనండి.