ఫోన్‌లో పాట పరుగెడుతోంది, ఎందుకని?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్న కాలేజీ రోజుల్లో ఖాళీ క్యాసెట్ పట్టుకెళ్లి షాపులో బోనీ ఎం అనే విదేశీ బృందం పాటలు ఎక్కించుకున్నారు. అందులో 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' వచ్చినప్పుడల్లా, మిషన్ బడిలో చదువుకున్న మా నాయనమ్మ చేతిలో పని ఆపేసి "ఒరే, ఇది మన బైబుల్లోదే కదరా" అనేది. నాన్న నవ్వేసి ఊరుకునేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. మొన్న ఫోన్‌లో అదే పాట పెడితే ఏదో పరుగెడుతున్నట్టుంది, గొంతులు కూడా సన్నగా ఉన్నాయి. నా భ్రమా? నాయనమ్మ అన్నది నిజమేనా? క్యాసెట్ ఇంకా ఉంది గానీ వేయాలంటే భయం.

జవాబు: ముందు నాయనమ్మ సంగతి. నాన్నగారు నవ్వారు గానీ ఆవిడ చెప్పిందే కరెక్ట్. అది 137వ కీర్తన, బబులోనుకు బందీలుగా పోయిన యూదు జనం ఏటి ఒడ్డున కూర్చుని సొంత ఊరు తలుచుకుని ఏడ్చేది. మధ్యలో 19వ కీర్తన ఆఖరి మాటలు కూడా కలిపారు. పాట మొదట బోనీ ఎం వాళ్లది కాదు, జమైకాలో మెలోడియన్స్ అనే బృందం 1970లో పాడింది. 1978లో బోనీ ఎం దాన్ని డాన్స్ పాట చేసేసరికి ప్రపంచమంతా ఊగిపోయింది. 1842లో హేయర్ దొర వచ్చి లూథరన్ మిషన్ పెట్టిన ఊరు మీది, అలాంటి ఊళ్లో కుర్రాళ్లంతా చిటికెలేస్తుంటే ఆ మాటలు పట్టుకున్నది వంటింట్లో పెద్దావిడ అంటే నాకు భలే ముచ్చటేసింది.

ఇక మీ చెవులకేం ఢోకా లేదు. ఫోన్‌లో పాట పరుగెత్తడం కాదు, క్యాసెట్‌లోదే నెమ్మదిగా నడిచి ఉంటుంది. పాట ఎక్కించిన రోజున షాపువాళ్ల మెషీన్ కాస్త వేగంగా తిరిగి ఉంటే, అదే టేపు ఇంట్లో మామూలు వేగంతో వేసినప్పుడు పాట నెమ్మదిస్తుంది, గొంతు బరువెక్కుతుంది. లేదా మీ ఇంటి టేప్‌రికార్డర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉండొచ్చు, అదీ ఇదే పని చేస్తుంది. పాట మొదలవకముందే ఎక్కడో దూరంగా అదే పాట సన్నగా వినిపించేదా? టేపు చుట్టలో పక్కపక్క పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కదా, ఒక పొరలోని అయస్కాంతపు ముద్ర రెండో దాని మీద పడుతుంది. మీరు చిన్నప్పుడు నేర్చుకున్నది ఈ తేడాలన్నీ ఉన్న పాట, మరి ఫోన్‌లోది కొత్తగానే ఉంటుంది.

క్యాసెట్‌ని తిన్నగా పాత ప్లేయర్‌లో పెట్టొద్దు, నమిలేస్తుంది. పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పి చూడండి, టేపు మీద తెల్లగా బూజు ఉంటే అక్కడే ఆపేసి తెలిసినవాళ్లకివ్వండి. కింద టేపు వెనకాల చిన్న మెత్త ఉంటుంది, అది ఊడిపోయిందేమో కూడా చూడండి, ఊడితే పాట మూగగా వస్తుంది. ప్లేయర్‌లో టేపుకి తగిలే హెడ్‌ని దూదికి స్పిరిట్ అద్ది తుడిచాకే వేయండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు వేగం సరిచేస్తామంటారు, ఒక కాపీ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచమనండి.

ఇంకోటి, రెండో వైపు చివరిదాకా నడవనివ్వండి. పాటలయ్యాక మిగిలిన టేపులో ఇంట్లోవాళ్ల మాటలు రికార్డు చేసుకోవడం అప్పట్లో చాలామందికి సరదా.