పాత పెల్లెట్ల పొయ్యికి చేసిన మరమ్మతు విఫలమైతే ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: మాది కావలి. అయిదేళ్ల కిందట ఒంగోలులోని ఒక దుకాణంలో ఫ్యాన్ ఉన్న పెల్లెట్ల పొయ్యి (రంపపు పొట్టు వంటివి అదిమి చేసిన చిన్న గుళికలతో మండేది) కొన్నాను. ఇంటి వంటకూ, నేను చేసి అమ్మే చెక్కలకూ, మురుకులకూ అదే ఆధారం. నాలుగు నెలల కిందట పొగ ఎక్కువైతే దుకాణానికి ఫోన్ చేశాను. వారు పంపిన మెకానిక్ ఫ్యాన్ మార్చానని చెప్పి తన ఫోన్‌కు 2,800 రూపాయలు వేయించుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు. మూడు వారాలకే మళ్లీ పొగ మొదలైంది. వారంటీ అయిపోయింది, మాకు సంబంధం లేదని దుకాణం వారు అంటున్నారు. కేసు వేయవచ్చా? ఒంగోలు చుట్టూ తిరగాలా?

జవాబు: పొయ్యిలోనే లోపముందని ఇప్పుడు వేసే ఫిర్యాదు నిలవడం కష్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. అయితే డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు వేరే సేవ. అందులో లోపానికి గడువు నాలుగు నెలల కిందటి నుంచే లెక్కకు వస్తుంది కనుక, వారంటీ ముగిసిందన్న మాట ఇక్కడ వారికి అక్కరకు రాదు.

చెక్కలు అమ్ముతున్నారు కాబట్టి మీది వ్యాపారమని అవతలివారు అనవచ్చు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే వాడుకునే వస్తువును చట్టం వాణిజ్య ప్రయోజనంగా చూడదు. పనివాళ్లను పెట్టి పెద్దఎత్తున నడుపుతుంటే మాత్రం ఈ మినహాయింపు దక్కదు.

అసలు చిక్కు రుజువుతోనే. డబ్బు మెకానిక్ ఖాతాకు వెళ్లింది కనుక, అతను మా మనిషి కాదని దుకాణం వారు చెప్పే అవకాశం ఎక్కువ. మీరు దుకాణానికి చేసిన కాల్ వివరాలు, మెకానిక్ వస్తాడని వారు పంపిన సందేశం ఏదైనా ఉంటే చెరిపేయకండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే.

పెల్లెట్లు తడిశాయన్నది వారి రెండో వాదన కావచ్చు. మన తీరంలో కార్తీక మాసపు వానలకు మూత లేని సంచిలోని పెల్లెట్లు ఉబ్బి పొడి అవుతాయి, తడి పెల్లెట్లు ఎంత మంచి పొయ్యిలోనైనా పొగే పెడతాయి. నోటీసుకు ముందే ఈ సందేహం తీర్చుకోండి. పొయ్యి పూర్తిగా చల్లారాక బూడిద తీసి, లోపలి అంచున ఉన్న గాలి రంధ్రాల్లో పేరుకున్న మసిని సన్నని తీగతో శుభ్రం చేయండి. పుటుక్కున విరిగే పొడి పెల్లెట్లతో, కిటికీలు తెరిచి మళ్లీ వెలిగించి, ఫ్యాన్ తిరిగే తీరునూ మంటనూ వీడియో తీయండి. అప్పుడు పొగ పోతే తప్పు మరమ్మతుది కాదు, కేసు ఆలోచన మానుకోవడమే మేలు. పొగ పోకుండా ఫ్యాన్ కూడా నీరసంగానే తిరుగుతుంటే ఆ వీడియో మీకు బలం. మార్చిన పాత ఫ్యాన్ మీ దగ్గరే ఉంటే దాన్ని పారవేయకండి.

ఒంగోలు వెళ్లనక్కర లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట ఫిర్యాదు చేసే హక్కును 34వ సెక్షన్ ఇచ్చింది, కాబట్టి నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనప్పుడు ఫీజు లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలాసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. కుదరకపోతే దుకాణానికీ మెకానిక్‌కూ కలిపి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజుల్లో మరమ్మతు మళ్లీ చేయాలని, లేదా 2,800 రూపాయలు తిరిగి ఇవ్వాలని కోరండి. కొత్త పొయ్యి మాత్రం అడగవద్దు, ఆ కోరికకు చట్టంలో ఆధారం లేదు.