ప్రకృతిలో ప్రధాన సంఖ్యలా? ముందు ముంజకాయ కోయండి

“ప్రధాన సంఖ్యలకు ప్రకృతిలో నిజంగా ఏమైనా పని ఉందా, లేక మనమే వెతికి పట్టుకుంటున్నామా?” అని అడిగారు. ప్రధాన సంఖ్య, అంటే ప్రైమ్, ఒకటి కంటే పెద్దదై, ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా పోని సంఖ్య. ఇక జవాబు: తొంభై పాళ్లు మనం వెతుక్కునేదే. ఒక్క చోట మాత్రం పనికొస్తాయి, దాని సంగతి తర్వాత.

మా తమ్ముడి కొడుకు ఏడో తరగతి. ఎండాకాలం సెలవుల్లో బడివాళ్లు సరిగ్గా దీని మీదే ప్రాజెక్టు ఇచ్చారు. (ఈ ప్రాజెక్టుల పుణ్యమా అని పిల్లలకు సెలవులుండవు, రాత్రిళ్లు కూర్చుని చార్టులు అతికించేది మాత్రం పెద్దవాళ్లు. అది వేరే ఏడుపు.) వాణ్ని నకిరేకల్ దగ్గర మా ఊరికి తీసుకెళ్లాను. తాళ్లెక్కే మామ ఒకాయన గెల దించి, కాయల తలలు చెక్కుతున్నాడు. వీడు నోట్‌బుక్ తెరిచాడు. మూడు ముంజలు. మూడు. మళ్లీ మూడు. “పెద్దనాన్నా, అన్నీ ప్రైమే!” అని గంతులు. తర్వాతి దాంట్లో రెండు. అదీ ప్రైమే, ఇంకా సంబరం. ఆ తర్వాతి కాయలో ఒక్కటే ఉంది. ఒకటి ప్రధాన సంఖ్య కాదాయె. వాడు చప్పుడు చేయకుండా ఆ కాయను కాలితో పక్కకు నెట్టాడు. మామ చూడనే చూశాడు. “గదెందుకు రాస్తలేవు బిడ్డా? గది కాయ కాదా?”

వాట్సాప్‌లో తిరిగే ప్రకృతి గణితం అంతా ఇట్లానే తయారవుతుందని నా గట్టి నమ్మకం. ఆముదం కాయలో మూడు గింజలు, మందారానికి ఐదు రేకులు, ఇంకేం, అద్భుతం అంటారు. పది లోపే 2, 3, 5, 7 అని నాలుగు ప్రధాన సంఖ్యలున్నాయి. చిన్న అంకెల్లో చెయ్యి పెడితే ఏదో ఒకటి తగలక ఏమవుతుంది? పొద్దుతిరుగుడులో గింజల వరుసలు లెక్కపెడితే 34, 55, 89 లాంటివి వస్తాయి. జనం 89ని చూపించి మిగతా రెండింటినీ మింగేస్తారు. అవి ఫిబొనాచ్చి సంఖ్యలు, అంటే ముందున్న రెండింటినీ కూడితే తర్వాతిది వచ్చే వరుస, మన ప్రశ్నకు సంబంధం లేనివి.

ఇక అసలు కేసు. అమెరికా తూర్పు ప్రాంతంలో సికాడాలని గోల చేసే పురుగులున్నాయి. కొన్ని 13 ఏళ్లు, కొన్ని 17 ఏళ్లు నేలలోనే వేర్ల రసం తాగుతూ ఉండి, గుంపంతా ఒకేసారి బయటికొస్తుంది. 2024లో ఒక 13 ఏళ్ల గుంపు, ఒక 17 ఏళ్ల గుంపు కలిసి లేచాయి. ఆ రెండూ అంతకుముందు కలిసింది 1803లో. 13ని 17తో హెచ్చవేస్తే 221, లెక్క సరిపోయింది. 12 ఏళ్లకోసారి వచ్చే పురుగైతే, నాలుగేళ్లకోసారి పెరిగే శత్రువుకు ప్రతిసారీ దొరికిపోవచ్చు. 17 అయితే 68 ఏళ్లకు గాని చిక్కదు. రెండు రకాలు కలిసి సంకరం కాకుండా ఈ ఏర్పాటని ఇంకో వాదన. శాస్త్రవేత్తలు తేల్చలేదు గానీ నా ఓటు శత్రువుల వాదనకే. ఇక్కడ ఒక అంకె ఇంకో అంకెను భాగించడం వల్ల ప్రాణాలు పోతాయి కాబట్టి ప్రైమ్‌కు విలువ. ముంజల్లో ఏం భాగిస్తారు?

అట్లాగని ఏళ్ల తరబడి ఆగేవన్నీ ప్రైమ్‌లే పాటించవు. పడమటి కనుమల్లో పెరిగే నీలకురింజి మొక్క 12 ఏళ్లకు పూస్తుంది, 2006లో పూసింది, 2018లో పూసింది. మిజోరంలో ఒక వెదురు 48 ఏళ్లకోసారి పూస్తే, ఆ కాయలు తిని ఎలుకలు పెరిగి, పంటల మీద పడి 1959లో కరువే తెచ్చాయి. 12, 48 రెండూ 2తో, 3తో, 4తో, 6తో భాగిస్తే పోతాయి, ప్రైమ్‌లు కావు. అయినా వెదురుకు ఏ ఇబ్బందీ లేదు, తిన్నన్ని తిన్నాక కూడా మిగిలేటన్ని కాయలు రాలుస్తుంది. ప్రధాన సంఖ్యల పోస్టుల్లో ఈ వెదురు ఎందుకో ఎప్పుడూ కనబడదు.