మెనోపాజ్‌లో వచ్చిన పొట్టకి లైపోసక్షన్ పనిచేస్తుందా?

మీకు 49, పీరియడ్స్ ఆగి 8 నెలలైంది, పొట్ట పెరిగింది, బుగ్గలు జారాయి, 4 నెలల్లో అమ్మాయి పెళ్ళి. ఈలోగా పొట్టకి లైపో (గొట్టంతో కొవ్వు లాగేసే ఆపరేషన్), మొహానికి ఇంకేదైనా చేయించుకోవచ్చా అని అడిగారు. నాకిప్పుడు 54. డాక్టర్ని కాదు, కానీ ఇదే ప్రశ్న పట్టుకుని విజయవాడలో ఇద్దరు సర్జన్ల దగ్గరికి వెళ్ళాను. ఒక ఆపరేషన్ మానుకున్నాను, ఒకటి చేయించుకున్నాను.

నాకు 47లో మొదలైంది. సంక్రాంతి చలికి మావారు రగ్గు ముసుగేసుకుని పడుకుంటే నేను ఫ్యాన్ ఐదులో పెట్టుకుని మంచం మీద కూర్చునేదాన్ని. మెడ దగ్గర్నుంచి ఆవిరి లేచి, నిమిషంలో జాకెట్టు తడిసిపోయేది. ఆ ఆవిర్లు రెండేళ్ళకి సర్దుకున్నాయి. పొట్టే సర్దుకోలేదు. బరువు పెరిగింది మూడు కిలోలే, ఆ మూడూ తెచ్చి నడుముకి కట్టినట్టుండేది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బాగా ఉన్నన్నాళ్ళూ కొవ్వు తొడల్లో, పిరుదుల్లో చేరుతుంది, అది తగ్గాక పొట్ట దారి పడుతుంది. చర్మం సంగతీ అంతే. ముట్టు ఆగాక మొదటి 5 ఏళ్ళలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ సుమారు 30 శాతం పోతుందంటారు. మన బుగ్గలు జారడం ఆ లెక్కలోదే.

మొదటి క్లినిక్‌లో డాక్టరు కంటే ముందు కౌన్సెలింగ్ అమ్మాయి వచ్చింది. పొట్ట, చేతులు, గడ్డం కింద కలిపి ప్యాకేజీ అంది, ఈఎంఐ ఉందంది. బీపీ ఉందా అని మాత్రం అడగలేదు. కాఫీ తాగి లేచి వచ్చేశాను.

రెండో చోట సర్జన్ గారు నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, "అమ్మా, నా చేతికి దొరికింది ఇంతే. నేను తీయగలిగిందీ ఇంతే. మిగతాది కండరం వెనక, పేగుల చుట్టూ ఉంది. అక్కడికి నా గొట్టం వెళ్ళదు" అన్నారు. మీరూ ఇంట్లో చూసుకోండి. పడుకున్నా పొట్ట కుండలా గట్టిగా నిలబడితే ఎక్కువభాగం లోపలి కొవ్వే, దానికి లైపో దండగ. నడక, బరువులెత్తే వ్యాయామం, అన్నం తగ్గించి పప్పూ గుడ్డూ పెంచడం, వీటికే కొంచెం కదులుతుంది. నాకు ఏడాది పట్టింది, అదీ పూర్తిగా పోలేదు.

పొట్ట పక్కలకి జారి, చర్మం మడతలు పడి వేలాడుతుంటే కథ వేరు. దానికి టమ్మీ టక్ చేస్తారు. వేలాడే చర్మం కోసేసి, కాన్పుల్లో ఎడంగా జరిగిన కండరాల్ని దగ్గరికి లాగి కుడతారు. మా పిన్ని కూతురు చేయించుకుంది. కోత దగ్గర ఊరే నీరు దిగే డ్రెయిన్ సీసా నైటీకి పిన్నీసుతో తగిలించుకుని, వారం రోజులు నడుం వంచే నడిచింది. 6 వారాలు బెల్టు, నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదు. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత మచ్చ. తనకి తృప్తిగానే ఉంది. కానీ వాపు పూర్తిగా దిగడానికి నెలలు పట్టింది. మీ పెళ్ళి పనుల మధ్య ఇది పెట్టుకోకండి.

నేను చేయించుకున్నది కళ్ళకి, జారిన పై రెప్ప సరిచేసే ఆపరేషన్. పై రెప్ప ఎంత జారిందంటే, కాటుక పెట్టుకుంటే పది నిమిషాల్లో రెప్ప మడతకి అంటుకునేది. లోకల్ మత్తులోనే, గంటలో అయిపోయింది. ఆరో రోజు కుట్లు తీశారు. రెండు వారాలు ఎవరో గుద్దినట్టు నల్లగా ఉంది, కూరగాయలకి కూడా నల్లద్దాలతోనే వెళ్ళాను. ఒక్క మాట ముందు తెలిస్తే బాగుండేది. ఈ వయసులో కళ్ళు పొడిబారడం మామూలే, ఈ ఆపరేషన్‌తో అది పెరగొచ్చు. నేను నెలల తరబడి చుక్కల మందు వేసుకున్నాను. మీ కళ్ళు ఇప్పటికే మండుతుంటే ముందు కంటి డాక్టరుకి చూపించుకోండి.

బోటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) నుదుటి గీతలకి పనికొస్తుంది, 3, 4 నెలలుంటుంది. ఫిల్లర్ (చర్మం కింద ఎక్కించే జెల్ ఇంజెక్షన్) బుగ్గల్ని కొంత నింపుతుంది కానీ జారిన చర్మాన్ని పైకి లాగదు. పెళ్ళికి ఏదైనా చేయించుకోవాలంటే కనీసం నెల ముందే కానివ్వండి, ఫొటోల్లో కమిలిన మొహం కనిపించకూడదు కదా. సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందో లేదో బోర్డు మీద చూడండి. హార్మోన్ మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి, రక్తం గడ్డకట్టే ప్రమాదం లెక్కలోకి తీసుకుంటారు. అందం కోసం చేయించుకునే వాటికి ఇన్సూరెన్స్ మామూలుగా రాదు.

ఇంకోటి, 8 నెలలంటే మెనోపాజ్ ఇంకా పూర్తయినట్టు కాదు. వరసగా 12 నెలలు రాకపోతేనే అంటారు. ఆ తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ముందు గైనకాలజిస్టు దగ్గరికే వెళ్ళండి, ఇవన్నీ ఆనక.

జాకెట్ల కొలతలు ఇప్పుడే ఇవ్వకండి. నేను మా మేనకోడలి పెళ్ళికి మూడు నెలల ముందే కుట్టించుకుని, ముహూర్తం రోజు పొద్దున్నే పక్క కుట్లు విప్పించుకున్నాను. టైలరుకి చెప్పి రెండు వైపులా ఒకటిన్నర అంగుళాల గుడ్డ లోపల వదిలించండి.